సున్నం కొట్టించుకున్న శాసనం

నా ఉపన్యాసం విని ఒక ఊరు ఊరంతా కలిసి పాత శాసనాన్ని మాయం చేసేసింది. నవ్వండి, పర్లేదు. ఇప్పుడు నేనూ నవ్వుతాను గానీ ఆ రోజు అక్కడి వాగులో, అదే గెడ్డలో, దూకేద్దామనిపించింది. అందులో నీళ్ళు లేవు కాబట్టి బతికాను.

తొంభైల నాటి మాట. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో కొత్తగా హిస్టరీ లెక్చరర్ని. రోలుగుంట దగ్గర ఒక పల్లెలో, గెడ్డ ఒడ్డున అక్షరాలున్న పాత రాయి ఉందనీ, కల్వర్టు కోసం దాన్ని పగలగొట్టబోతున్నారనీ తెలిసింది. శాసనాలు చదివే ఆఫీసరు గారు సోమవారం వస్తానన్నారు. అందాకా రాయి మిగలాలి. శనివారం మోపెడ్ వేసుకెళ్ళి జనాన్ని పోగుచేశాను.

"సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ ఆవశ్యకత..." అని గంటసేపు వాయించాను. ముందు వరస నిద్రపోయింది. వెనక వరస ఇంటికెళ్ళిపోయింది.

చెరకు పండించే అప్పలమ్మగారు లేచారు. "మాస్టారూ, ఏటి సెయ్యమంటారో బేగి సెప్పండి. గేదెకి నీల్లెట్టాల."

"ఈ రాయి చాలా గొప్పదమ్మా!"

"ఏటి రాసుంది దాని మీద?"

దొరికిపోయాను. ఆ పాత లిపి నాకు ఒక్క ముక్క రాదు. ఒప్పుకుంటే లెక్చరర్ పరువేం కావాలి? "అబ్బో, చాలా ఉంది! మీ ఊరికి ఇంతకన్నా పెద్ద దిక్కు లేదు!" అని ఊదరగొట్టేసి వచ్చేశాను.

సోమవారం వెళ్ళేసరికి రాయి పెళ్ళికూతురిలా ఉంది. నిలువెల్లా సున్నం, పైన పసుపు, బొట్లు, బంతిపూల దండ. ఒక్క అక్షరం కనబడితే ఒట్టు.

"శాసనం ఏదయ్యా?" అన్నారు ఆఫీసరు గారు.

"లోపలుందండి..."

"ఇదేం పనమ్మా?" అని అప్పలమ్మగారి ముందు ఏడ్చినంత పని చేశాను.

"గొప్పదని మీరే కదేటి అన్నారు! గొప్పోల్లకి మేం ఇలాగే సేత్తాం."

ఆఫీసరు గారు నన్ను మింగేసేలా చూసి, చొక్కా చేతులు మడిచి, నీళ్ళూ మెత్తటి కుంచే తెప్పించి కడిగారు. పైన సున్నం పోయింది, గాట్లలోది మిగిలింది. నల్లరాతి మీద అక్షరాలు తెల్లగా తేలాయి. "ఇంకెప్పుడూ సున్నం ముట్టించకండి" అంటూనే చదివారు. పోలమ్మ అనే ఆవిడ ఈ గెడ్డకి కట్ట వేయించి, నీళ్ళు ఊరందరి పొలాలకీ పారాలని రాయించిందట.

అప్పలమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఓలమ్మో! ఆడమనిసే? ఈ ముక్క మొన్నే సెప్పొచ్చు కదా మాస్టారూ!"

సిగ్గుతో చచ్చిపోయాను. అంతలోనే కల్వర్టు మేస్త్రీ సమ్మెటతో దిగాడు. నేను గొంతు సవరించుకునేలోపు ఆవిడ రాయికి అడ్డంగా నిలబడిపోయారు.

"మా పోలమ్మ పేరుందిరా దీని మీద. ఎయ్యి దెబ్బ, సూద్దాం!"

మేస్త్రీ సమ్మెట భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

కాబట్టి సమస్త ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, నాకు చదవడం రాని రాయి గురించి ఈ జన్మలో నోరెత్తను. ఎవరైనా బలవంతంగా మైకిస్తే, తిన్నగా తీసుకెళ్ళి అప్పలమ్మగారి చేతిలో పెట్టేస్తాను.