గీత దాటనివ్వని కారు

మా అక్క ఆ కారు కొనిపించిందే ప్రాణాలకు భద్రమని. ఎదురుగా ఏదైనా వస్తే అదే బ్రేకు వేస్తుంది, గీత దాటితే అదే స్టీరింగు సరిచేస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ మా బావకు అక్క చేస్తున్న సేవ కూడా అదే కాబట్టి, ఆయనకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

బావ కావలిలో ఒక కాలేజీ బస్సు డ్రైవరు. ఇంతవరకు కోడిపిల్లను కూడా తొక్కలేదని చెప్పుకుంటాడు. కోడిపిల్లలు సాక్ష్యానికి రావు గానీ, మాట నిజమే.

ఒక మధ్యాహ్నం బావా నేనూ సముద్రం వైపున్న చుట్టాల ఊరికి బయలుదేరాం. కొత్తగా వేసిన రోడ్డు, తళతళలాడే తెల్ల గీతలు. కోతలైన రోజులు. మా వైపు కోతల తర్వాత సగం రోడ్డు రైతులది. ఎడమ పక్కంతా వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. బండ్లవాళ్లు మారుమాట లేకుండా కుడికి జరిగి పోతారు. దానికి ఇండికేటరు వేసినవాణ్ణి నేను చూడలేదు. వడ్లు కనిపిస్తూనే ఉంటాయి కదా, ఇంకెవరికి చెప్పాలి?

కారుకు చెప్పాలట. అది మాకు తర్వాత తెలిసింది.

బావ అలవాటుగా కుడికి తిప్పాడు. చక్రం మధ్య గీత ఎక్కగానే స్టీరింగు ఆయన చేతుల్లో వణికి ఎడమకు లాగింది.

"రేయ్, ఇదేందిరా నాతో కుస్తీ పడతా ఉంది!"

నేను నవ్వాను. ఆయన మళ్లీ తిప్పేలోపే ఎడమ చక్రాలు రాళ్లను ఎగరగొట్టి వడ్ల మీదికి ఎక్కేశాయి. అక్కడ కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ఒకామె కెవ్వుమని పక్కకు దూకి రాళ్ల మీద పడింది. కారు తగల్లేదు. చీలమండ మాత్రం విరిగింది.

మా కారులోనే నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడవునా బావ స్టీరింగును పాము తలను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వెనక సీట్లోంచి ఆమే ధైర్యం చెప్పింది.

"భయపడబాకబ్బయ్యా, నేను చూసినా గదా. నువ్వు పక్కకు తిప్పుకున్నావు. అంతలోకే మళ్లా నా మీదికి తిరిగింది. పోలీసోళ్లు అడిగితే నేనే చెప్తా."

చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. అంతా విన్న ఎస్సై బావ వైపు తిరిగాడు.

"అంటే ముందు తప్పుకోని, మళ్లా మనిషి మీదికి తిప్పినావన్నమాట."

"నేను తిప్పలేదు సార్. కారే తిప్పుకునింది."

"కారుకు లైసెన్సు ఉందా?"

నేను వేయాల్సిన జోకు ఆయన వేశాడు. నాకు నవ్వు రాలేదు. కేసు బావ మీద పడింది.

షోరూములో టై కట్టుకున్న కుర్రాడు మాకు మజ్జిగ ఇచ్చి, కారుకు కంప్యూటరు తగిలించాడు.

"బండి పర్ఫెక్టుగా ఉంది సార్. మీరు ఇండికేటరు వేయకుండా గీత దాటారు, అది వెనక్కి తెచ్చింది. దాని పని అది చేసింది."

"మనిషి అడ్డమొస్తే బ్రేకు వేస్తదని చెప్పినారే?" అన్నాడు బావ.

"ఆమె దూకేశారు కదా సార్. ఇంక అడ్డమెక్కడుంది?"

"మరి ఇదే మాట పోలీసులకు రాసియ్యి. లాగింది కారేనని."

"అది సాయం మాత్రమే సార్. బాధ్యత డ్రైవరుదే."

"పని పడినప్పుడు తప్పుకునే సాయాన్ని మా వైపు చుట్టరికం అంటారండీ" అన్నాను. కుర్రాడు నాకు ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చాడు.

కేసు తేలేదాకా బస్సెక్కొద్దన్నారు కాలేజీవాళ్లు. ఎప్పుడు తేలుతుందో చెప్పేవాళ్లు లేరు.

మొన్న ఆ కాలు విరిగినామెను చూడడానికి వెళ్లాం. కారు నేను నడిపాను, బావ పక్కన కూర్చున్నాడు. వడ్లు కనిపించగానే ఇండికేటరు వేశాను. కారు కిక్కురుమనకుండా గీత దాటింది.

"చూడరా, ఎంత బుద్ధిగా పోతా ఉందో" అన్నాడు బావ.

ఎదురుగా కాలేజీ బస్సు వచ్చింది. అదే బస్సు, కొత్త డ్రైవరు. బావను గుర్తుపట్టి హారను కొట్టాడు. బావ చెయ్యి ఊపాడు. నేను వేగం తగ్గించేలోపే ఆయన కుడికాలు, బ్రేకు లేని చోట, నేలను గట్టిగా నొక్కి పట్టింది.