మేస్త్రి కాలిలో పింగాణీ

టైల్స్ మేస్త్రి తన నీడనైనా రెండుసార్లు తిరిగి చూసుకునే రకం. తాను పరిచిన టైలునే మర్నాడొచ్చి వేలి కణుపుతో కొట్టి, కింద డొల్ల ఉందేమోనని చెవి పెట్టి వింటాడు. పనికి అది మంచిదే, ఒప్పుకుందాం. సంసారంలోనే ప్రాణాలు తోడేస్తుంది. భార్య తాళం వేసి వీధి మలుపు దాకా వచ్చాక, సరిగా పడిందో లేదో చూసి రమ్మని వెనక్కి పంపుతాడు మహానుభావుడు.

అలాంటి మనిషి టైల్స్ పెట్టె మోస్తూ మెట్ల మీద జారి, మోకాలి కింద ఎముక నుజ్జు చేసుకున్నాడు. డాక్టరమ్మ ప్లేటు బిగించి, ఎముక పోయిన చోట తెల్లటి గుళికలు నింపింది.

"ఇది ఎముకలో ఉండే ఖనిజంతో చేసిన పింగాణీ లాంటిది. దీన్ని పట్టుకుని మీ ఎముకే పెరుగుతుంది, ఇది మెల్లగా కరిగిపోతుంది. నేను చెప్పిన రోజు నుంచి కాలి మీద బరువు వేసి నడవాలి. బరువు పడకపోతే ఎముక రాదు" అంది.

పింగాణీ కరుగుతుందట! మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నా చేతుల మీదుగా లారీల కొద్దీ పింగాణీ పోయింది. ఒక్క పెంకైనా కరిగిందా? నా తుంటి ఎముకలోంచే ముక్క తీసి ఆ చోట పెట్టమన్నాను కదా! సంతకం పెట్టింది నువ్వేగా, నీకేం చెప్పారు?"

"రెండుచోట్ల కోత ఎందుకన్నారండీ, అంతే."

"ఏదో దాస్తున్నావు."

నడవమన్న రోజు వచ్చింది. కాలు నేలకు ఆనించలేదు. బరువు పడితే లోపలి గుళికలు పిండైపోతాయని అనుమానం. పైకి అనుమానమన్నాడు గానీ, అది పచ్చి భయం. గొంతుకూర్చోలేని మేస్త్రిని పనికెవరు పిలుస్తారు? ఆస్పత్రిలో అడిగినప్పుడల్లా "బ్రహ్మాండంగా నడుస్తున్నాను" అనేవాడు. పక్కన భార్య నీళ్ళు నమిలేది.

కొన్ని నెలలకు కొత్త ఎక్స్‌రే చూసి గంతేసినంత పని చేశాడు. "తెల్లటివి ఏవీ? మాయం! టోపీ పెట్టారు మాకు!"

"కరిగాయి, కరగాల్సిందే" అంది డాక్టరమ్మ. "కానీ ఆ చోట ఎముక రాలేదు. నిజంగా నడిచారా?"

"రోజూ!"

"లేదండీ" అంది భార్య. "ఒక్క అడుగూ వేయలేదు. కాళ్ళావేళ్ళా పడ్డాను."

మేస్త్రి చేతిలోని ఎక్స్‌రే కిందికి దించాడు.

"మళ్ళీ ఆపరేషన్ తప్పదు" అంది డాక్టరమ్మ. "ఈసారి మీరు కోరినట్టే తుంటి ఎముక ముక్క తీసి పెట్టొచ్చు. సొంత ఎముక కాబట్టి నడక తగ్గినా అతుక్కునే అవకాశం ఎక్కువ. అక్కడా కోత, అక్కడా నొప్పి."

"వద్దమ్మా! ఆ పింగాణీయే వేయండి. ఒట్టు, ఈసారి నడుస్తాను."

డాక్టరమ్మ ఆపరేషన్‌కు సంతకం పెట్టే కాగితం మేస్త్రికి ఇవ్వలేదు. భార్య వైపు జరిపి, "మీరేమంటారు?" అంది.

ఆమె కాగితం అందుకుంది.

"తుంటి ఎముకే పెట్టండమ్మా. ఈయన నడుస్తారంటే నేను నమ్మను."