ఫారంలో నేను రాసిన ‘లేదు’

మొన్న మా మనవరాలు నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా బ్లాకుకు రెండు బస్‌స్టాపుల అవతల కొత్తగా పెట్టిన క్లినిక్ అది. వెళ్ళగానే కూర్చోబెట్టి పలకంత కంప్యూటరొకటి చేతికిచ్చారు. కాగితం లేదు, కలం లేదు, అడిగే మనిషి అసలే లేదు. గుండెజబ్బు ఉందా, ఆయాసం ఉందా, షుగరు ఉందా అంటూ అందులో ప్రశ్నలు వరసగా వస్తుంటే, నేను సంచిలోంచి కళ్ళజోడు తీసేలోపలే పిల్ల టకటకా ‘నో’, ‘నో’, ‘నో’ అని నొక్కుకుంటూ పోయింది. అదేమిటే, నన్నడగవా అంటే, “అమ్మమ్మా, ఆల్ నో లా! ఫాస్టర్!” అని నవ్వింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, తర్వాత దాని మణికట్టు మీద నా వేళ్ళ గుర్తులు చూసి నాకే సిగ్గేసింది. దానికేం తెలుసు పాపం, ఆ ఒక్క మాట నా చేత్తో రాసి నేనొక మనిషి ప్రాణం మీదికి తెచ్చానని.

మన ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం వచ్చేస్తోంది, కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయని లోకమంతా బెంబేలెత్తిపోతుంటే, ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చదివిన ప్రతి కుర్రవాడూ పెట్టె సర్దుకుని విమానం ఎక్కిన రోజులవి. మావారూ అలాగే సింగపూర్ వచ్చారు, వెనకాలే నేనూ వచ్చాను. సాయంత్రం ఇంటికొచ్చి టై విప్పుతూ, ఎప్పుడో ఎవరో పని తేలికవుతుందని సంవత్సరంలో రెండంకెలు రాయకుండా వదిలేసినందుకు ఇప్పుడు ఇంతమంది కూర్చుని దిద్దుకోవలసి వచ్చిందని ఆయన విసుక్కునేవారు. రాయవలసింది రాయకుండా ఎలా వదిలేస్తారో, ఎంత బద్ధకమో అని నేనూ వంతపాడేదాన్ని. అలా అన్న నోరు నాదే.

మా అమ్మాయి బడికి వెళ్ళిపోయాక ఫ్లాట్‌లో పగలంతా ఒక్కదాన్నే ఉండలేక, బూన్ లే అనే చోట ఒక పళ్ళ క్లినిక్‌లో పనికి కుదిరాను. నా జువాలజీ డిగ్రీని చూసి కాదు, నాకు తెలుగు వచ్చని తీసుకున్నారు. ఆ చుట్టుపక్కల షిప్‌యార్డుల్లో పనిచేసే మనవాళ్ళు పన్ను నొప్పంటూ వచ్చేవారు, వాళ్ళ గోడు డాక్టరుకు అర్థమయ్యేది కాదు, డాక్టరు మాట వాళ్ళకు అంతకన్నా అర్థమయ్యేది కాదు. డాక్టరుగారు అరవై దాటిన చైనీస్ ఆవిడ. మనిషి పొట్టి, మాట కటువు, చెయ్యి మాత్రం వెన్న. ఆవిడ దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మలయ్ అక్క ఒకావిడ ఉండేది. ముగ్గురమే.

అక్కడొక ఆచారం ఉండేది. ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున, తలుపులు తెరవకముందే, డాక్టరుగారు తనే రోగిలాగా కుర్చీలో పడుకుని కళ్ళు తేలేసేది. కుర్చీలో మనిషికి హఠాత్తుగా ఏమైనా అయితే ఎవరెవరు ఏం చెయ్యాలో మేము చేసి చూపించాలి. మలయ్ అక్క అత్యవసరపు మందులుండే ఎర్రపెట్టె, ప్రాణవాయువు సిలిండరు తెచ్చి, అంబులెన్సుకు ఫోను చేసినట్టు నటించేది. నా పనల్లా రోగి ఫారం తీసి, ఏ జబ్బులున్నాయో, ఏ మందులు వాడుతున్నాడో పైకి చదవడం. నాకు అదంతా బొమ్మలపెళ్ళిలా ఉండేది. ఆవిడ నాలుక బయటపెట్టి పడుకుంటే నవ్వు ఆపుకోలేక ఫారం ముఖానికి అడ్డం పెట్టుకునేదాన్ని, ఇంటికి వెళ్ళి మావారికి నటించి చూపించేదాన్ని. పళ్ళు పీకే చోట ఇంత హంగామా ఎందుకని నా ఉద్దేశం.

ఒక శనివారం మధ్యాహ్నం శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన వెల్డరొకాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. గుళ్ళోకి వస్తున్నట్టు చెప్పులు గుమ్మం బయట విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దవడ వాచి ఉంది. తెలుగు వినగానే ఆ ముఖంలో వచ్చిన వెలుగు చూసి నాకు పుట్టింటివాళ్ళెవరో వచ్చినంత సంబరమైంది. అన్నయ్యా అని పిలిచి కూర్చోబెట్టి, ఇంగ్లీషు ఫారంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే తెలుగులో అడుగుతూ నేనే నింపడం మొదలుపెట్టాను.

షుగరు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గించాడు. “ఉందమ్మ. మాతర్లు ఏసుకుంతన్నాను. కానీ ఆ కాయితంలో ఎక్కించకండి, మీకు దండమెడతాను. కంపినీకి తెలిసి పంపించీసినారంటే మావోడు ఏటైపోతాడు? కంపూటర్ ఇంజినీరింగులో మొన్ననే సేరాడమ్మ, మద్దిలో మానిపించీమంటారా?”

క్లినిక్ ఫారానికీ కంపెనీకీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని తోచనూలేదు. అయిదడుగుల దూరంలో డాక్టరుగారున్నారు, ఒక్క మాట అడిగితే పోయేది. కానీ మనవాడు మనసు విప్పి చెప్పాడు, పరాయి దేశంలో మనం కాకపోతే ఎవరు కాచుకుంటారన్న ఉత్సాహంలో ‘లేదు’ అన్న గడిలో శుభ్రంగా టిక్కు పెట్టాను. ఎంత ధర్మం చేశాననుకున్నానో! ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనింకా పొంగిపోయాను.

ఆ తర్వాత మన అలవాటు ప్రకారం, తిన్నారా అన్నయ్యా అని అడిగాను. “శనివారం కదమ్మ, ఒక్కపొద్దు. దీపమెట్టినాక తింటాను,” అన్నాడు. ఇంత దూరం వచ్చి, ఎండలో ఇనుముతో పని చేస్తూ కూడా వెంకన్నను మరవలేదే అని ముచ్చటపడ్డాను. జువాలజీ చదివినదాన్ని! పొద్దున మాత్ర వేసుకుని పొద్దుటినుంచి ఏమీ తినని మనిషి ఒంట్లో చక్కెర ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆయన చెప్పిన రెండు మాటలూ నా చెవిలోనే పడ్డాయి, తెలుగులోనే ఉండిపోయాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు.

మత్తుసూది వేసి, పన్ను కదిలించబోతున్నారు. ఆయన నుదుటిమీద చెమట కనిపించింది. ఏసీ గదిలో చొక్కా తడిసేంత చెమట. చేతులు వణికాయి, పెదవులు తెల్లబడ్డాయి. డాక్టరుగారు వెంటనే పని ఆపేసి, నోట్లో ఉన్న దూదంతా తీసేసి, కుర్చీ వెనక్కి వాల్చి కాళ్ళు ఎత్తించింది. సూదికి భయపడి కళ్ళు తిరిగేవాళ్ళు చాలామందే ఉంటారు, అలా పడుకోబెడితే కాసేపట్లో తేరుకుంటారు. ఈయన తేరుకోలేదు. “బస్సెలిపోతంది, దిగాల,” అని గొణుగుతూ లేవబోయాడు. నన్ను చూసి వదినా అన్నాడు. నేనెవరో ఆయనకు తెలియడంలేదని అప్పటికి అర్థమైంది.

డాక్టరుగారు తలెత్తకుండానే, ఫారం అంది.

అది నా పని. నెలనెలా నవ్వుకుంటూ చేసిన పని. ఫారం తీశాను, పైనుంచి చదివాను. గుండెజబ్బు లేదు. ఆయాసం లేదు. పడని మందులు లేవు. షుగరు... అక్కడ నా టిక్కు నల్లగా, చక్కగా కనిపిస్తోంది. లేదు అన్నాను. అవును, ఆ మనిషి నా ఎదురుగా చెమటలు కక్కుతుంటే, నేను రాసిందే నేను చదివాను. ఎందుకు చదివానంటే ఏం చెప్పను? మాటిచ్చాననుకున్నానా, నా ఉద్యోగం పోతుందనుకున్నానా, కాగితం మీద ఉన్నది చదవడమే నా పని అన్న మొద్దుతనమా, ఇన్నేళ్ళుగా తవ్వుకుంటున్నా తేలలేదు. మలయ్ అక్క అప్పటికే ఎర్రపెట్టె తెరిచి, గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని ఉంది. నా ‘లేదు’ విని దాన్ని పక్కన పెట్టింది. డాక్టరుగారు మత్తుమందు పడలేదేమో, గుండేమోనని నాడి చూడడంలో పడింది.

ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను. చాలా కొద్దిసేపే. కానీ ఆ కొద్దిసేపట్లోనే ఆయన గొణుగుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు ప్రాణం పోయినంత పనై, ఉంది, షుగరు ఉంది, మాత్ర వేసుకున్నాడు, పొద్దుటినుంచి ఏమీ తినలేదు అని అరిచేశాను. తెలుగులో అరిచాను. వాళ్ళిద్దరూ నా ముఖం చూశారు. మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాను.

మలయ్ అక్క గ్లాసు అందుకోబోతే డాక్టరుగారు వద్దంది. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక్క నిమిషం ముందైతే తనే గటగటా తాగేవాడు, ఆ నీళ్ళు ఇంక పనికిరావు. ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎర్రపెట్టెలోంచి చక్కెర పెంచే సూదిమందు తీసి కలిపి తొడకు పొడిచింది. అక్క అంబులెన్సుకు ఫోను చేసి, సిలిండరు గొట్టం ముక్కు దగ్గర పట్టుకుంది. నన్ను లిఫ్టు దగ్గరికి పరుగెత్తమన్నారు. అంబులెన్సువాళ్ళకు దారి చూపడానికి అక్కడ నిలబడి నేను ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో! ఆ ఇంజినీరింగు కుర్రాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు, వాడి ముఖం మాత్రం కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే కళ్ళు కొద్దిగా తెరిచాడు. ఉత్త కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. ఆయన నీతో చెప్పాడా అని మాత్రం అడిగింది, నేను తలూపాను. అప్పుడు బీరువా తెరిచి అరల నిండా ఉన్న ఫారాలు చూపించింది. ఇవి ఈ తలుపు దాటి ఎక్కడికీ వెళ్ళవు, ఏ కంపెనీకీ చూపించం అంది. అంతే. ఆ మాట ముందే అడిగి తెలుసుకుని ఉంటే ఆయనకు ధైర్యం చెప్పి ఉండేదాన్ని. ఎవరికి తెలియకూడదని ఆయన నాకు దండం పెట్టాడో వాళ్ళకే, ఆస్పత్రినుంచి ఆ సాయంత్రమే కబురు వెళ్ళింది.

పది రోజుల తర్వాత ఆయన గదిలో ఉండే మనిషొకడు చెప్పులకోసం వచ్చాడు. బతికాడని, కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచాక కంపెనీవాళ్ళు ఇండియాకు పంపేశారని చెప్పాడు. షుగరు గురించే పంపారా అని అడిగితే, “మాకేటి తెలుస్తాదమ్మ? పనీ తగ్గింది మరి,” అన్నాడు. చెప్పులు పేపర్లో చుట్టి ఇస్తుంటే, మరచిపోయినవాడిలా ఆగి, “ఆయమ్మ తప్పేటీ లేదు, నేనే రాయద్దన్నాను, సెప్పమన్నాడమ్మ,” అన్నాడు. తిట్టి పంపినా నేను తట్టుకుని ఉండేదాన్ని. ఆ మాటకు మాత్రం లోపలి గదిలోకి వెళ్ళి రోగుల కుర్చీలో కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత ఫారం మారింది. డాక్టరుగారు నాచేత తెలుగులో రాయించి ఇంగ్లీషు కింద అంటించారు. ఈ కాగితం ఎవరికీ చూపించం అని మొదటి వాక్యం, ఈ పూట తిన్నారా అని ఆఖరి ప్రశ్న. నెలనెలా సోమవారం ఆట మాత్రం ఆగలేదు, నాకు నవ్వే రాలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుని, నేను ప్రతి ‘లేదు’ చదివినప్పుడల్లా, “షూర్ ఆ?” అని అడిగేది. నేను పని మానేసేవరకూ అడిగింది. ప్రతిసారీ నా గొంతు తడబడింది.

ఆవిడ ఇప్పుడు లేదు. బూన్ లేలో ఆ క్లినిక్ చోట ఫోన్లు అమ్ముతున్నారు. ఇప్పుడు రోగి వివరాలన్నీ కంప్యూటర్లో ముందే తెలిసిపోతాయంటారు, మంచిదే, ఎవరి చేతిరాతకూ మొహమాటానికీ పనిలేదు. కానీ గొంతు తగ్గించి మనతో ఒక మాట చెప్పుకునే మనిషీ, చెవి ఒగ్గి వినే మనిషీ ఇద్దరూ ఆ గుమ్మంలోంచి వెళ్ళిపోయారనిపిస్తుంది. విన్నదాన్ని సరిగ్గా వాడుకోని నేను ఈ మాట అనవచ్చో లేదో తెలియదు.

మొన్న పిల్ల చేతిలోంచి ఆ పలక తీసుకుని, మొదటి ప్రశ్నకు వెనక్కి వెళ్ళాను. షుగరు దగ్గర నా వేలితో నేనే ‘యెస్’ నొక్కాను. పిల్ల నోరు తెరిచింది. ఆరు నెలలయింది తేలి. వాళ్ళమ్మ కంగారుపడి నా కాఫీ మాన్పిస్తుందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మాత్రలు బియ్యం డబ్బా వెనక దాచుకుంటున్నాను. అంతా అనుభవించినదాన్నే, నేనూ ఆయనలాగే దాచాను చూడండి.

పిల్ల ఆ పలకలో లేని ప్రశ్న తన వచ్చీరాని తెలుగులో అడిగింది, అమ్మమ్మా, నువ్వు తిన్నావా అని. ఎనిమిదింటికి రెండిడ్లీలు తిని, తర్వాత మాత్ర వేసుకున్నానని చెప్పాను.

“షూర్ ఆ?” అంది.

షూరే తల్లీ అన్నాను. ఈసారి నా గొంతు తడబడలేదు.