ఆగ్నేయం మూల కంప్యూటర్

ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం మనకు వచ్చిన కొత్తలో, చౌటుప్పల్ చుట్టుపక్కల పత్తిచేను కనిపిస్తే దాని పక్కనే ప్లాట్ల హద్దురాళ్ళు కూడా కనిపించేవి. రోడ్డుకు అటూ ఇటూ ఏ షట్టర్ ఎత్తినా ప్లాట్లు అమ్మే ఆఫీసే. ప్రతి ఆఫీసులో ఒక గాజుబల్ల, ఒక దేవుడి పటం, ఒక కంప్యూటర్. ఆ మూడింటిలో చెడిపోయేది కంప్యూటరొక్కటే కనుక నాలాంటి వాళ్ళకు పని దొరికేది. నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సు పూర్తిచేసి, కంప్యూటర్ గురించి నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదని గట్టిగా నమ్ముతున్నాను. (అంత గట్టి నమ్మకం ఆ తర్వాత దేనిమీదా కుదరలేదు.)

తిరుమలగిరి పక్కనున్న మా పల్లె నుంచి వచ్చి, చౌటుప్పల్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ, కంప్యూటర్లు బాగుచేసే ఒక షాపులో చేరాను. యజమానిని అందరూ షాపు సారు అనేవాళ్ళు. ఆయన నన్నూ, నా చేతి సంచిలోంచి తొంగిచూస్తున్న స్క్రూడ్రైవర్‌నూ మార్చి మార్చి చూసి, "ఆడపిల్లవు, గిది పట్టుకొని ఊరంత తిరుగుతవా? సరే, నెలరోజులు చూస్త. ఒక్క మిషన్ కోసం కస్టమర్ మూడుసార్లు ఫోన్ చేస్తే ఊకుంట. నాలుగోసారి చేసిండో, నువ్వు బస్సెక్కుడే" అన్నాడు. ఈ షరతు సంగతి నాయినకు చెప్పలేదు. ఇంజినీరు కొలువు వచ్చిందని మాత్రం చెప్పాను. ఆయన మర్నాడు పొద్దున్నే పాలకేంద్రం దగ్గర నిలబడి ఊరందరికీ చెప్పేశాడు. నెల తిరగకుండా సంచి పట్టుకుని ఊళ్ళో బస్సు దిగితే నాయిన ఆ పాలకేంద్రం ముందు నుంచి ఎట్లా నడుస్తాడో తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

రెండో వారంలో ఒక ప్లాట్ల ఆఫీసు నుంచి మొదటి ఫోన్ వస్తే నన్ను పంపారు. అక్కడి యజమాని కూర్చునే కుర్చీ, చెప్పులు విడిచే జాగా, చెత్తబుట్ట, అన్నీ దిక్కులు చూసుకునే పెట్టుకున్నాడు. మేమంతా చాటుగా ఆయనను వాస్తు సారు అనేవాళ్ళం. "నువ్వేనా అమ్మ ఇంజినీరువి? జర చూడు బిడ్డా, పార్టీకి ప్లాట్ల నక్ష చూపిస్తాంటె సగంల తెర నీలంగైతాంది. మళ్ళ చాలు చేస్తె బీప్ బీప్ అని మొత్తుకుంటాంది" అన్నాడు. నేను ఆ కూత ఒక్కసారి విని, కళ్ళు మూసుకుని, "మెమొరీ" అన్నాను. మెమొరీ అంటే మరేం కాదు, డబ్బా లోపల గాడిలో కూర్చునే సన్నని పచ్చ పలక. దాని అంచున ఉండే బంగారు రంగు గీతలకు మురికి పట్టినా, చెమ్మ తగిలినా యంత్రం ఇట్లాగే తిక్కతిక్కగా చేస్తుంది. పలక ఊడదీసి, గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ గాడిలో నొక్కాను. కంప్యూటర్ బుద్ధిగా లేచింది. లెక్కలు రాసే అక్క కంప్యూటర్ ఉన్న మూలనే పొయ్యి మీద ఛాయ్ పెట్టి ఇచ్చింది. చాలా బాగుందంటే ఇంకో కప్పు పోసింది. నేను విజయగర్వంతో వెళ్ళిపోయాను.

మూడోనాడు రెండో ఫోన్. ఈసారి డబ్బాను ఆటోలో పెట్టుకుని షాపుకే తెచ్చాను. మెమొరీని పరీక్షించే ప్రోగ్రాం పెట్టి రెండు రోజులు నడిపాను. ఒక్క తప్పు లేదు! అయినా అనుమానం తీరక కొత్త పలక వేసి, ఇంకోరోజు నడిపి, మేళతాళాలు లేకపోవడమొక్కటే లోటుగా తీసుకెళ్ళి అప్పగించాను. (మళ్ళీ ఛాయ్. మళ్ళీ రెండు కప్పులు.) మర్నాడు మధ్యాహ్నం మూడో ఫోన్ వచ్చింది. షాపు సారు ఏమీ తిట్టలేదు. తిరుమలగిరి బస్సు ఎన్నింటికో మాత్రం అడిగాడు.

ఆ పూట వాస్తు సారు ఆఫీసులో ఆ డబ్బా ముందు కూర్చుని నాకు తెలిసిన విద్యంతా ప్రయోగించాను. గాడి మార్చాను, పలక మార్చాను, తీగలన్నీ పీకి మళ్ళీ గుచ్చాను. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగానే ఉంటే ఎందుకు చెడుతోంది? ఏడుపొక్కటే తక్కువ. నా ముఖం చూసి అక్కకు జాలేసినట్టుంది, "జరంత ఛాయ్ తాగు చెల్లే, ఫికర్ చేయకు" అని పొయ్యి ముట్టించింది. గిన్నె మసిలింది. ఉన్నట్టుండి నాకేమీ కనిపించలేదు. కళ్ళద్దాల నిండా ఆవిరి! తుడుచుకుని చూస్తే, ఆ ఆవిరే మెల్లగా పక్కకు వాలి, కంప్యూటర్ డబ్బా పక్క రేకుకున్న చిల్లుల్లోంచి లోపలికి పోతోంది. ప్లాట్లు కొనే పార్టీలు వచ్చినప్పుడల్లా ఛాయ్, ఛాయ్ అయినప్పుడల్లా మెమొరీకి ఆవిరి స్నానం. అంటే నేను బాగుచేయడానికి వచ్చిన ప్రతిసారీ, నా మర్యాద కోసం కాచిన ఛాయ్‌తోనే దాన్ని మళ్ళీ చెడగొట్టి వెళ్తున్నానన్నమాట. సిగ్గుతో చెవులు కాలాయి.

"కంప్యూటర్‌ను ఈడికెళ్ళి జరపాలె సార్" అన్నాను.

"జరిపేది లేదు" అన్నాడు వాస్తు సారు. "పొయ్యి అంటే అగ్ని. కరెంటు అంటే అగ్ని. రెండూ ఆగ్నేయంలనే ఉండాలె. ఇంకేమన్న ఉంటే చెప్పు."

ఆవిరి గురించి చెప్పాను, చెమ్మ గురించి చెప్పాను, బంగారు గీతలు చూపించాను. ఆయన ఓపిగ్గా విని, పొయ్యినీ డబ్బానూ ఆప్యాయంగా చూసి, తల అడ్డంగా ఊపాడు. నా కళ్ళ ముందు తిరుమలగిరి బస్సు కదులుతోంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలు ఏ కోర్సులోనూ నేర్పినవి కావు. "సార్, కంప్యూటర్‌ల కరెంటు పేరుకే. లోపల అసలు పని ఫ్యాన్లది. చూడుండ్రి, మూడు ఫ్యాన్లున్నయి. ఫ్యాను అంటే గాలి. గాలి అంటే వాయవ్యం. గాలిని తెచ్చి అగ్ని పక్కన పెడితే కొట్లాడుకోవా?"

వాస్తు సారు ముఖంలో రంగు మారింది. వెంటనే తనకు దిక్కులు చెప్పే పంతులుకు ఫోన్ కలిపి, నా మాటలన్నీ పూస గుచ్చినట్టు అప్పజెప్పాడు. స్పీకర్‌లోంచి పంతులు గొంతు, "ఒక్కో ఫ్యానుకు ఎన్ని రెక్కలు?" అని అడిగింది. లెక్కపెట్టి ఏడని చెప్పాను. "బేసి సంఖ్య. దోషం లేదు. వాయవ్యం పెట్టుకోండ్రి. ఈ మాట నేనే చెబుదామనుకుంటున్న" అన్నాడాయన.

బల్ల ఒక పక్క నేను, ఇంకో పక్క అక్క పట్టుకుని వాయవ్యం మూలకు జరిపాం. వంగి తీగలు కలుపుతుంటే అక్క నా చెవిలో, "ఆ ఆవిరికి నాకే ఉక్కిరిబిక్కిరైతది, దానికి గాదా? మొదటిరోజే అనుకున్న చెల్లే. ఇంజినీరమ్మకు మనమేం చెప్తమని ఊకున్న" అంది. ఒక్క మాట అడిగి ఉంటే మొదటిరోజే తేలిపోయేది. అడగడం ఇంజినీర్లకు నామోషీ అనుకునేదాన్ని.

వారం దాకా ఫోన్ లేదు. ఎనిమిదోనాడు మోగింది, నాలుగోది. షాపు సారు చాలాసేపు ఊ కొట్టి, పెట్టేసి, నా వైపు తిరిగాడు. నేను అప్పటికే సంచి దగ్గరికి లాక్కున్నాను. "కొత్త ఆఫీసు తీస్తుండట. కంప్యూటర్ ఏ దిక్కు పెట్టాల్నో నువ్వే వచ్చి చెప్పాల్నంట" అన్నాడు. నా సంచి వైపు చూసి, "సంచి అక్కడ పెట్టు. ఇగ నెలరోజుల లెక్క లేదు, నువ్వు ఉండు" అన్నాడు.

సాయంత్రం నాయినకు ఫోన్ చేసి కొలువు ఖాయమైందని చెప్పాను. "ఏం బాగుచేసినవ్ బిడ్డా?" అన్నాడు. "మెమొరీ నాయినా" అన్నాను. అవతల ఆయన అది పక్కనున్న ఎవరికో గొప్పగా చెప్పడం వినిపించింది. నేను చేసిందల్లా ఒక బల్లను ఈ మూల నుంచి ఆ మూలకు జరపడమే.

ఇప్పుడు నాకే ఒక షాపుంది. ఏ యంత్రం మొరాయించినా ముందు దాని ముందు కూర్చునే మనిషిని అడుగుతాను, తప్పు చాలావరకు అక్కడే దొరుకుతుంది. కానీ కంటిరెప్ప ఆడకుండా "గాలి అంటే వాయవ్యం" అనగలిగిన ఆ పిల్ల మాత్రం నాలో ఎంత వెతికినా దొరకదు. కాస్త భయపడుతూ, బోలెడంత గొప్పలు పోతూ ఉండేది. ఆమెను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే, కొంచెం బెంగ కూడా.