ఫ్రిజ్ మీద చెంబు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది చెంబుడు నీళ్ల బరువు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా చెల్లి కువైట్‌కి ఇంటిపనికి వెళుతూ నాలుగేళ్ల కూతుర్ని నా చేతిలో పెట్టింది. ఆ ఏడు గోదావరి మధ్యనున్న మా లంకలో వరద తీశాక బోరు నీళ్లు వాసనేశాయి. కాచకుండానే తాగాం. పిల్లకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త వచ్చి, ఓఆర్ఎస్ పొడి చెంబుడు నీళ్లలో కలిపిచ్చింది.

"కక్కినా సరే, కాసేపాగి మళ్లీ చెంచాతో పడతా ఉండండమ్మా. నీళ్లు మానేత్తే ప్రమాదమండీ."

ఆయ్ అన్నాను. ఆవిడ గుమ్మం దాటగానే చెంబు ఫ్రిజ్ మీద పెట్టేశాను.

లోపలికి పోకపోతే బయటికేం వస్తుంది, కడుపు ఎండితే అదే కట్టుకుంటుంది అనేది మా అమ్మ. తెలియక చేశానని ఆ మాట చాటున దాక్కోవచ్చు. నిజంగా తెలియకేనా? దుప్పట్లు ఉతికి ఉతికి విసుగొచ్చింది. పిల్లని కన్నది తనైతే ఈ చాకిరీ నాకేమిటని చెల్లెలి మీద కోపం. ఆ కోపం పిల్ల మీద చూపించానేమో. ఏమో కాదు, చూపించాను.

పిల్ల ఏడ్చింది. కన్నీళ్లు రాలేదు. "దాహమేత్తంది పెద్దమ్మా" అని ఫ్రిజ్ వైపు వేలు చూపించింది. పడుకో, లేచాక ఇస్తానన్నాను. పడుకుంది. తగ్గిందనుకుని నేనూ కునుకు తీశాను.

లేచేసరికి దాని కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆటోలో అమలాపురం తీసుకెళ్లాం. డాక్టరుగారు పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోయింది.

"ఓఆర్ఎస్ పట్టేరా అమ్మా?"

"ఆయ్, పడతానే ఉన్నానండీ."

సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. పిల్ల దక్కలేదు. ఇంటికొచ్చి, నిండుగా ఉన్న ఆ చెంబుని కొబ్బరిచెట్టు మొదట్లో కుమ్మరించాను.

నాకన్నా మా అక్కే బాగా చూసిందని చెల్లి ఇప్పటికీ అందరితో అంటుంది. దానికి తర్వాత పుట్టిన కొడుక్కి ఇప్పుడు నాలుగేళ్లు. మళ్లీ వీసా వచ్చిందట, వాణ్ని నా దగ్గరే వదిలి వెళుతుందట. నీ దగ్గరుంటే నాకు బెంగే లేదు అంది. నిన్న వాడు మంచినీళ్లడిగితే, చాలు పెద్దమ్మా అని మొహం తిప్పుకుంటున్నా వదలకుండా గ్లాసంతా తాగించాను.

చెల్లితో చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ఆ రోజు డాక్టరుగారు అడిగినదానికి మాత్రం జవాబు ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది.

పట్టలేదండీ.