గోరింటాకు కింద నీలం

మొన్న ఆదివారం గుర్గావ్‌లో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్లమంతా ఆషాఢం గోరింటాకు పెట్టుకున్నాం. కీళ్లవాతంతో వంకర తిరిగిన నా వేళ్లకు పక్కింటి సునీత ఓపిగ్గా టోపీలు పెట్టింది. "గోళ్లు నీలంగా ఉన్నాయేంటక్కా? మందంగా పెడతాలే, కనపడవు" అంది. ఏసీ చలికేమోలే అనుకున్నాను. బ్రహ్మాండంగా పండాయి.

ఇవాళ ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కీళ్లను పట్టిన జబ్బే నా ఊపిరితిత్తులనూ గట్టిపడేలా చేస్తోందని కిందటేడు చెప్పింది ఆవిడే. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడితే అంకె నిలవలేదు. పోనీ గోళ్ల రంగు చూద్దామని నా చెయ్యి పట్టుకుని తెల్లబోయింది.

"అరే, యే క్యా? నాఖూన్ కహాఁ గయే?" అంది, గోళ్లేమయ్యాయని.

"మెహందీ హై మేడమ్. హమ్ తెలుగు లోగ్ ఐసే హీ లగాతే హైఁ" అన్నాను, మా తెలుగువాళ్లం గోరింటాకు ఇలాగే పెట్టుకుంటామని గొప్పగా.

ఆవిడ నవ్వలేదు. క్లిప్పు తీసి చెవి తమ్మెకు పెట్టింది. ఎనభై నాలుగు! ఇక ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాల్సిందేనని చెప్పింది. ఇన్నాళ్లూ మెట్లెక్కితే వచ్చే ఆయాసం ఒళ్లు చేయడం వల్లేననుకున్నాను. ఒంటికి గాలి చాలట్లేదని వేళ్లు చెప్పబోతే, వాటి నోరు ఎర్రగా మూసేశాం.

గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని చిన్నప్పుడు అమ్మమ్మ ఊరించేది. మా ఆయన సాయంత్రం నుంచి ఆక్సిజన్ మిషన్ అద్దెకిచ్చేవాళ్లకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. అమ్మమ్మ మాట నిజమైందనుకోవాలా? మీరే చెప్పండి.