నుంజియా పది నిమిషాల కూర

పొజ్జువోలి అనే ఊళ్లో రేవు వెనక సందులో నుంజియా నోటికి జడవని వాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతూ అక్కడే రెండు గదుల ఇంట్లో బతికింది. ఆదివారం టమాటా గుజ్జులో మాంసం ఆరు గంటలు ఉడకకపోతే ఆమెకది ఆదివారమే కాదు. కానీ ఆ ఏడు నేల కింద ఏ మాయదారి రోగం పుట్టిందో, రోజుకు పదిసార్లు ఇల్లు వణికేది. అంతసేపు పొయ్యి వెలిగించి పెట్టే ధైర్యం ఎవరికుంది? అందుకే పల్చటి గొడ్డుమాంసం ముక్కలు, వెల్లుల్లి, టమాటా, చిటికెడు ఒరెగానో ఆకుపొడి. పది నిమిషాల్లో దించేసి గ్యాసు కట్టేసేది.

వంటగది గోడకు పైఅంతస్తు దాకా పగులు పడింది. మున్సిపాలిటీ ఇంజనీరు దానికి అడ్డంగా పల్చటి గాజుపట్టీ ఒకటి ప్లాస్టరుతో అతికించి, పక్కన తేదీ రాసి వెళ్లాడు. గాజు విరిగిందంటే గోడ కదిలినట్టు. గోడ కదిలితే ఇల్లు ఖాళీ చేయాలి. సందులో అప్పటికే నాలుగిళ్ల తలుపులకు చెక్కలు కొట్టేశారు.

సోమవారం పొద్దున్నే నుంజియా చూస్తే గాజు రెండు ముక్కలై ఉంది. పదింటికి ఇంజనీరు వస్తాడు. మొగుడు సబాతో తాపీ మేస్త్రీ, అప్పటికే పనికి వెళ్లిపోయాడు. అతని సంచిలోంచి ప్లాస్టరు తీసి కలిపింది. పాత కిటికీ అద్దంలోంచి ముక్క కోసి అతికించింది. వేడి ఇస్త్రీపెట్టె దగ్గరపెట్టి ఆరబెట్టింది. పాతదిలా కనబడాలని కాఫీ మడ్డి రుద్ది, పాత తేదీనే మళ్లీ రాసింది. ఇంజనీరు వచ్చి, చూసి, ఇల్లు పదిలమని కాగితం మీద సంతకం పెట్టి, వాకిట అంటించి పోయాడు. పాపిష్టిదాని చేతికి ఎంత పనితనమో!

మధ్యాహ్నం సబాతో వచ్చాడు. ముందు ఆ గుజ్జు కలిపిన పాస్తా తిన్నాడు. మాంసం ముక్క కోయబోతూ గోడ వంక చూసి ఆగిపోయాడు.

"ఆ ప్లాస్టరు ఎవరు పూశారే?"

"ఇంకెవరు, ఇంజనీరు."

"ఇంజనీరుకు ఇంత నున్నటి అంచు తీయడం వచ్చా? అది మా నాన్న నాకు నేర్పిన అంచు. నీకు నేర్పింది నేను."

"అయితే ఏమంటావయ్యా? పోయి గుడారంలో పడుకోమంటావా? నా మిషను ఎక్కడ పెట్టుకోను, నీ నెత్తినా?"

"నీకు మతి పోయిందే!"

అంతలో తలుపు తోసుకుని పైఅంతస్తు మఫాల్డా వచ్చింది. చంకలో మూడు నెలల పసిగుడ్డు. భయంతో చెల్లెలింటికి వెళ్లి పది రోజులైంది.

"వచ్చేశానక్కా! మీ గోడ గాజు భేషుగ్గా ఉందని ఇంజనీరు కాగితం అంటించాడటగా. చెల్లెలి మొగుడి సణుగుడు పడలేక చచ్చాననుకో. అబ్బ, ఏం వాసన! నాకూ ఒక ముక్క పెట్టు."

సబాతో తల వంచుకున్నాడు.

అప్పుడే నేల గుర్రుమంది. మూకుడులో ఎర్రటి గుజ్జు గిలగిల్లాడింది. పగులులోంచి తెల్లటి పొడి రాలి పసిదాని జుట్టు మీద పడింది. ఇంటి వణుకు ఆగేసరికి మఫాల్డా బిడ్డను గుండెకు అదుముకుని గోడ వైపు చూసింది.

"హమ్మయ్య! చూశావా అక్కా, గాజు విరగలేదు."

విరగదు మరి. కిటికీ అద్దం ముక్క కదా, ఇంజనీరు పెట్టిన పట్టీ కంటే మందం. నుంజియా మూలనున్న ఇస్త్రీపెట్టె అందుకుని, ఒక్క దెబ్బతో గాజును పగలగొట్టింది.

"అది అబద్ధం మఫాల్డా. అసలుది పొద్దున్నే విరిగింది. నేనే మార్చాను. నన్ను తర్వాత తిట్టుకుందువు గానీ, ముందు బిడ్డను తీసుకుని వీధిలోకి పో!"

మఫాల్డా బిడ్డ తల మీది పొడి దులుపుతూ పరుగెత్తింది. సబాతో లేచి కుట్టుమిషను ఎత్తబోయాడు.

"అదక్కడే ఉండనీ" అంది నుంజియా. ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఇంజనీరుకు ఇచ్చి, ఇల్లు ఖాళీ చేశామని చెప్పి రావడానికి తానే బయల్దేరింది.